మొదటి బల్బు కరెంటు తాగేస్తుందా?

స్టాఫ్ రూమ్: టీచర్ల ప్రశ్నలు, మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. 2025 మెగా డీఎస్సీలో ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్‌గా సెలెక్టయ్యి ప్రకాశం జిల్లాలో ఒక హైస్కూల్లో చేరాను. మా పదో తరగతి గదిలో ఐఎఫ్‌పీ ప్యానెల్, అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెర, ఉంది. బీఈడీలో రాత్రుళ్లు కూర్చుని చార్టులు గీసినదాన్ని కదా, దాన్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది. విద్యుత్ పాఠానికి పన్నెండు నిమిషాల వీడియో ఒకటి వెతికి పెట్టాను. 34 మంది పిల్లలూ చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దంగా చూశారు. అర్థమైందా అంటే అందరిదీ ఒకే గొంతు, "అయింది మేడమ్" అని. మర్నాడు స్లిప్ టెస్టులో ఒకే రకం బల్బులు రెండింటిని శ్రేణిలో, అంటే ఒకే తీగ దారిలో ఒకదాని తర్వాత ఒకటిగా, కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది అని అడిగితే సగం మందికి పైగా మొదటిదే అన్నారు. క్లాసులో బాగా చదివే అమ్మాయి అయితే "మొదటి బల్బు కరెంటు తాగేస్తుంది కాబట్టి రెండోదానికి తక్కువ మిగులుతుంది" అని రాసింది. దానికి తోడు పేరెంట్స్ మీటింగులో ఒక నాన్నగారు "కొత్త టీచరమ్మకి పాఠం రాదంట, టీవీ పెట్టి కూర్చుంటదంట" అన్నారు. మా సీనియర్ మాస్టారేమో సుద్దముక్కను మించింది లేదమ్మా అంటారు. ఇక ప్యానెల్ జోలికి పోవద్దా?

జవాబు: అమ్మా, ముందు ఆ అమ్మాయి స్లిప్ టెస్టు కాగితం పారెయ్యకు. ఎన్ని ట్రైనింగులకు వెళ్లినా అంత మంచి కాగితం నీ చేతికి రాదు. అది తప్పే, కానీ బట్టీ పట్టి రాసింది కాదు, కూర్చుని ఆలోచించి రాసింది. ఇంట్లో ఆ పిల్ల వినేదేంటి? "మోటారు కరెంటు లాగేస్తోంది", "ఏసీ తెగ కరెంటు తాగుతుంది." బిల్లు వచ్చిన రోజు నాన్న అరిచేదీ అదే. తాగేది శక్తిని, ప్రవాహం మాత్రం ఎంత వెళ్లిందో అంతా వెనక్కి వస్తుంది అని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. నీ వీడియో చెప్పే ఉంటుంది, కానీ ఆ పిల్ల బుర్రలో 'తాగేయడం' ఉందని దానికి తెలియదు కదా, కాబట్టి ఆ మాట పక్కనుంచి వెళ్లిపోయింది.

నిశ్శబ్దం చూసి మురిసిపోయావు చూడు, అసలు అనుమానం రావాల్సింది అక్కడే. మనవాళ్లు సినిమా హాల్లో కూడా అంత నిశ్శబ్దంగా ఉండరు.

నేను ఇదే పాఠం చాలా ఏళ్లు చెప్పాను, చాలా ఏళ్లు తప్పుగా చెప్పాను. ఎలా దారిలో పడ్డానో చెప్తాను, నీకు పనికొస్తే తీసుకో. ప్యానెల్ ఆన్ చెయ్యకముందు బోర్డు మీద సెల్లు, రెండు బల్బులు, తీగ గీస్తాను. ఏది ఎక్కువ వెలుగుతుందో చేతులెత్తమంటాను. మొదటిది అన్నవాళ్లెంతమంది, రెండూ సమానం అన్నవాళ్లెంతమంది, రెండోది అన్నవాళ్లెంతమంది, మూడు అంకెలూ బోర్డు మీద ఒక మూల వేస్తాను. జవాబు చెప్పను. మొహంలో కూడా తెలియనివ్వకూడదు, పిల్లలు మన మొహం చదవడంలో ఘనులు. పక్క బెంచీ వాడితో రెండు నిమిషాలు పోట్లాడుకోమంటాను. అప్పుడు వచ్చే గోలకి హెచ్ఎం గారు ఒకసారి గుమ్మం దాకా వచ్చి వెళ్లారు. తర్వాత మళ్లీ చేతులెత్తమంటే అంకెలు మారతాయి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజుర్ అనే ఆయన 1991 నుంచీ ఇలాంటి పద్ధతే వాడాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తన పాఠాలు బ్రహ్మాండంగా ఉన్నాయని స్టూడెంట్లు మెచ్చుకుంటుంటే మురిసిపోయి, తీరా తేలికైన ప్రశ్నలతో పరీక్ష పెట్టి చూసుకుని ఆయనా నీలాగే కంగు తిన్నాడట.

ఇప్పుడు ప్యానెల్ ఆన్ చెయ్యి, కానీ వీడియో వద్దు. ఫెట్ (PhET) అని బొమ్మల ప్రయోగాలున్నాయి, 2001లో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ ఆ మర్నాటి ఏడాది కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టినవి. పైసా ఖర్చు లేదు, తెలుగులోనూ కొన్ని ఉన్నాయి, ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. అందులో సర్క్యూట్ కట్టేది ఒకటుంది. పిల్లల్లో ఒకడిని పిలిచి వాడి వేలితోనే సెల్లు, బల్బులు లాగి అతికించమను. తీగల్లో నీలం చుక్కలు నడుస్తుంటాయి, అవే ఎలక్ట్రాన్లు. బల్బు దాటాక చుక్కలు తగ్గాయా, నెమ్మదించాయా, లెక్కపెట్టండి అను. తగ్గవు. ఇది సుద్దముక్కతో నువ్వు చూపించలేవు, నేనూ చూపించలేను. మీ సీనియర్ మాస్టారిని కూడా ఆ పూటకి పిలువు.

అక్కడితో ఆపితే మాత్రం సగం పనే అయినట్టు. నిజం బల్బులు తేవాలి. టార్చిలైటులో వేసే పాత ఫిలమెంటు బల్బులు, కొన్ని ఎలక్ట్రికల్ షాపుల్లో అడిగితే ఇంకా తీసి ఇస్తారు. ఎల్ఈడీలు తేకు, తిరగేసి పెడితే వెలగవు, పాఠం ఇంకెటో పోతుంది. మూడు సెల్లులు, రెండు బల్బులు, కాస్త తీగ. కలిపావా? నూటికి తొంభై సార్లు ఒకటి కొంచెం తక్కువగా వెలుగుతుంది! తెర మీద సమానం, బల్లమీద అసమానం. మొదటిసారి నాకు ఇలా అయినప్పుడు చెమటలు పట్టాయి. వెనక బెంచీ నుంచి ఒకడు, "చూశారా సార్, మొదటిది తాగేసింది" అన్నాడు. క్లాసంతా నవ్వింది.

నేనేదో సర్దిచెప్పబోతుంటే ముందు బెంచీ పిల్ల ఒకతి, రోజూ నోరు విప్పదు, "రెండూ తిప్పి పెట్టండి సార్" అంది. తిప్పాను. మబ్బుగా వెలిగేది ఇప్పుడు మొదటి చోటికొచ్చింది, అక్కడా మబ్బుగానే ఉంది. అంటే తేడా చోటుది కాదు, బల్బుది. ఒకే కంపెనీ, ఒకే అట్టపెట్టెలో వచ్చినా ఫిలమెంట్లు అచ్చంగా ఒకలా ఉండవు, నిరోధంలో, అంటే కరెంటును అడ్డుకునే గుణంలో, వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ రోజు గంట కొట్టినా వెనక బెంచీ వాడు లేవలేదు, ఇంకోసారి తిప్పి చూస్తానన్నాడు. తెర మీద బల్బులు ఎప్పుడూ ఒకేలా వెలుగుతాయి కాబట్టి ఈ గొడవ అక్కడ రాదు. తెర లేకపోతే చుక్కలు కనపడవు. నాకు రెండూ కావాలి, పైగా ఆ వరసలోనే కావాలి: ముందు పిల్లల మాట, తర్వాత తెర, ఆ తర్వాత బల్ల.

వీడియో పెట్టాల్సి వస్తే ఒకటిన్నర నిమిషానికో సారి ఆపు. తర్వాత ఏం జరుగుతుందో అడుగు. 2020లో బడులు మూసినప్పుడు మన దగ్గర దూరదర్శన్ సప్తగిరి ఛానల్లో, తెలంగాణలో యాదగిరి ఛానల్లో పాఠాలు చూపించారు గుర్తుందా, అప్పటి పరిస్థితికి అది తప్పదు, మంచి పనే. కానీ టీవీకి చెవులు లేవు. నీకున్నాయి. క్లాసులో నువ్వు నిలబడి ఉన్నప్పుడు కూడా ప్యానెల్‌ను టీవీలా వాడితే నువ్వెందుకు?

ఆ నాన్నగారి మాటకి బాధపడకు, ఆయన చూసింది చూసినట్టు అన్నాడు. వచ్చే మీటింగులో ఆయన కొడుకు చేతే బల్బులు కలిపించు, నువ్వు పక్కన నిలబడు చాలు. సీనియర్ మాస్టారి క్లాసులో ఒక పీరియడ్ వెనక కూర్చో. ఆయన సుద్దముక్కను చూడకు, మధ్యలో ఆగి ఎవరి మొహంలోకి చూస్తున్నాడో చూడు. మా కాలంలో కంప్యూటర్ గదికి తాళం, తాళంచెవి బీరువాలో, బీరువా తాళంచెవి లీవులో ఉన్న మనిషి దగ్గర. కంప్యూటర్ల మీద గుడ్డలు కూడా తియ్యలేదు. నీ గదిలో ఉన్నదాన్ని ఎందుకు వదులుకుంటావమ్మా?

ప్రశ్న: నల్గొండ జిల్లాలో ఎస్జీటీని (చిన్న తరగతుల టీచర్ని), 2024 డీఎస్సీ. ఐదో తరగతి హోంవర్క్ వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను సార్. సగం మంది కూడా చేయడం లేదు. తల్లిదండ్రులకు శ్రద్ధ లేదనుకోవాలా?

జవాబు: తమ్ముడూ, ఆ ఫోన్ ఎవరిదో కనుక్కున్నావా? ఐదో తరగతి పిల్లకి సొంత ఫోన్ ఉండదు. నాన్నది అయితే ఆయనతో పాటే పనికి పోతుంది, రాత్రి ఎనిమిదింటికి చార్జింగ్ లేకుండా ఇంటికొస్తుంది, అప్పటికి పిల్ల నిద్రలో ఉంటుంది. కాస్త పెద్ద పిల్లల సంగతే చూడు. పల్లెటూరి పిల్లల చదువుల మీద చేసే అసర్ సర్వే 2024లో పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్ని అడిగితే అంతకుముందు వారంలో చదువు కోసం ఫోన్ వాడామన్నవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకి వాడినవాళ్లు 76 శాతం. ఫోన్ ఇంట్లో ఉండటం వేరు, పిల్ల చేతికి చదువుకోసం రావడం వేరు. హోంవర్క్ నోట్‌బుక్‌లోనే రాయించు. వాట్సాప్‌ను ఇంటికి పని పంపడానికి కాకుండా పిల్ల చదువు ఇంటికి వినిపించడానికి వాడు: బళ్లో పిల్ల తెలుగు వాచకం చదువుతుంటే ఇరవై సెకన్లు ఆడియో తీసి వాళ్ల నాన్నకే పంపు. పిల్ల గొంతు వింటే ఎవరైనా మళ్లీ మళ్లీ పెట్టుకుంటారు. శ్రద్ధ లేదన్న మాట తర్వాత అనుకుందాం.

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రైవేట్ స్కూల్లో చేస్తున్నాను. లెసన్ ప్లాన్లు, వర్క్‌షీట్లు చాట్‌జీపీటీతో రాయించుకుంటున్నాను. తప్పు చేస్తున్నానా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: రాయించుకోవడం తప్పేం కాదండీ, చదవకుండా ప్రింట్ తీస్తే తప్పు. పేపర్ పని తగ్గి ఆ గంట పిల్లల నోట్సు చూడటానికి మిగిలితే అంతకన్నా కావాల్సిందేముంది. తెలుగు మీడియం వర్క్‌షీట్ల దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోండి. మా తోటి టీచరు ఒకామె ఇంగ్లీషు వర్క్‌షీట్ ఒకదాన్ని ఇలాగే మెషీన్‌తో తెలుగు చేయించి తెచ్చింది, అందులో 'కరెంట్' కాస్తా 'ప్రస్తుతం' అయి కూర్చుంది. "తీగలో ప్రస్తుతం ఎంత?" అని ప్రశ్న. నవ్వుకున్నాక పారేద్దామనుకుని, మళ్లీ ఆగి, ఆ కాగితాన్నే జిరాక్స్ తీసి పిల్లలకిచ్చి తప్పులు పట్టమన్నాం. మాకు దొరికినవి తొమ్మిది. వాళ్లు పదమూడు పట్టారు.