స్క్రీన్‌షాట్ ఉంటే చాలదా?

ప్రశ్న: వెబ్‌సైట్లలో పెట్టి, తర్వాత తీసేసిన ప్రకటనలను రుజువు చేయడానికి వెబ్ ఆర్కైవ్‌లను చూడాలంటారు. ఫోన్‌లో తీసిన స్క్రీన్‌షాట్ ఉండగా వాటితో పనేమిటి? వాటిని ఎంతవరకు నమ్మవచ్చు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: బ్రౌజర్‌లో తెరిచిన పేజీలోని అక్షరాలను ఎవరైనా నిమిషాల్లో మార్చి స్క్రీన్‌షాట్ తీయగలరు కనుక, మీరెంత నిజాయితీపరులైనా దాన్ని ఎదుటివారు ఒప్పుకొని తీరాలని లేదు. 1996లో బ్రూస్టర్ కేల్ నెలకొల్పిన ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి సంస్థకు మీ తగాదాతో సంబంధం ఉండదు. అది పేజీని నేరుగా తెచ్చుకొని, సమయం వేసి దాస్తుంది. ఆ ప్రతులను 2001 నుంచి ‘వేబ్యాక్ మెషీన్’లో ఎవరైనా చూడవచ్చు.

ఉదాహరణకు, 2014 జూలై 17న ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కౌలాలంపూర్ వెళ్తున్న మలేసియా విమానం ఎంహెచ్17 తూర్పు ఉక్రెయిన్‌లో కూలి 298 మంది మరణించారు. అక్కడి రష్యా అనుకూల వేర్పాటువాద నాయకుడు ఇగోర్ గిర్కిన్‌కు స్ట్రెల్కోవ్ అని మారుపేరు. ఆ పేరిట వీకాంటాక్టే అనే రష్యన్ సామాజిక మాధ్యమంలో నడుస్తున్న పేజీలో, ఆ ప్రాంతంలోని తోరెజ్ పట్టణం దగ్గర ఏఎన్-26 అనే సైనిక రవాణా విమానాన్ని కూల్చామన్న ప్రకటన అదే రోజు కనిపించింది. కూలింది ప్రయాణికుల విమానమని బయటపడ్డాక అది మాయమైంది. అప్పటికే వేబ్యాక్ మెషీన్ ఆ పేజీ ప్రతిని తీసుకుంది. ఆ ప్రతి చిరునామాలో 20140717152222 అనే 14 అంకెలున్నాయి: వరుసగా సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం, సెకను. ఇది అంతర్జాతీయ ప్రామాణిక సమయం. మన సమయం తెలియాలంటే దీనికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి, అంటే రాత్రి 8:52. ఆ ప్రామాణిక సమయం ప్రకారం సాయంత్రం ఆరున్నర దాటాక తీసిన ప్రతులకు మన లెక్కలో తేదీయే మారిపోతుంది గనుక, తేదీ మీద పేచీ ఉన్నచోట ఈ లెక్క మరవకూడదు.

ఇక నమ్మకం సంగతి. ఆ క్షణాన ఆ పేజీలో ఆ మాటలున్నాయని మాత్రమే ఆ ప్రతి చెబుతుంది. రాసింది గిర్కినేనని అది చెప్పదు. అది ఆయన అభిమానులు నడిపే పేజీ అన్న వాదన వెంటనే వచ్చింది. దీన్ని విస్మరించి ‘ఆర్కైవ్‌లో ఉంది కాబట్టి ఆయనే అన్నాడు’ అనేవారు స్క్రీన్‌షాట్ చూపేవారికంటే మెరుగేమీ కాదని నా అభిప్రాయం. పేజీలోని అక్షరాలు ఒక రోజువి, ఫొటోలు మరో రోజువి అయ్యే అవకాశమూ ఉంది. ప్రతి దొరకనంత మాత్రాన పేజీ అసలు లేదనుకోరాదు. లాగిన్ అడిగే పేజీలు చాలావరకు ఆర్కైవ్‌కు అందవు, సైట్ యజమానుల అభ్యర్థనపై తొలగించినవీ ఉంటాయి.

మీకు అనుమానం కలిగిన పేజీని వేబ్యాక్ మెషీన్‌లోని ‘సేవ్ పేజ్ నౌ’ సదుపాయం ద్వారా మీరే ఆర్కైవ్ చేయించవచ్చు. అయితే ఆ పని సైట్ యజమానిని నిలదీయడానికి ముందే పూర్తి చేసి, వచ్చిన ప్రతిని ఒకసారి తెరిచి, మీకు కావలసిన వాక్యం అందులో ఉందో లేదో చూసుకోండి.