దీవుల లెక్కలు రాసుకునే అమ్మాయిని ఏ చదువులో పెట్టాలి?

ప్రశ్న: మేస్టారూ, మాది ఒడిశా మల్కాన్‌గిరి జిల్లా చిత్రకొండ. చిన్న కిరాణా కొట్టు నడుపుకుంటున్నాను. ఇంట్లో తెలుగే, పిల్లల చదువు మాత్రం ఒడియా మీడియం. పెద్దమ్మాయి ఈ ఏడు మెట్రిక్ పాసైంది, మార్కులు బాగానే వచ్చాయి. ప్లస్ టూ సైన్స్‌లో చేర్చి, తర్వాత నర్సింగ్ చేయిద్దామని మా ఆలోచన. తనేమో జాగ్రఫీ ఉన్న ఆర్ట్స్ కావాలంటోంది. వాళ్ల మేనమామ పోర్ట్ బ్లెయిర్‌లో తాపీ పని చేస్తాడు. అతను చెప్పే కబుర్లతో మొదలైంది, ఇప్పుడు ఆసియాలో ఏ దీవిలో ఎంతమంది ఉంటారో ఒక నోటుబుక్ నిండా రాసి పెట్టుకుంది. పేజీల ఫొటోలు పంపుతున్నాను. ఈ లెక్కలు కూడు పెడతాయా? జనాభా లెక్కలంటే పదేళ్లకోసారి వచ్చే పని, అదీ బడి మేస్టర్లే చేస్తారు కదా! ఏం చెయ్యమంటారు?

జవాబు: అయ్యా, మీరు పంపిన ఫొటోలు నాలుగైదుసార్లు చూశాను. స్కేలుతో గీసిన మూడు గళ్లు: దీవి పేరు, విస్తీర్ణం, జనాభా. మొదటి వరుసలో జావా. చివరి వరుసలో మన లక్షద్వీప్‌లోని బిత్ర, పక్కన 271 అనే అంకె, దాని కింద రెండు గీతలు. జావా పక్కన పెన్సిల్‌తో ‘బోర్నియో ఇంకా పెద్దది కదా?’ అని రాసి, రబ్బరుతో చెరిపేసింది. చెరిపినా అక్షరాలు ఇంకా ఆనుతున్నాయి. ఆ చెరిపేసిన ప్రశ్నకు జవాబు వెతకడానికే జీతమిచ్చే ఉద్యోగాలు ఉన్నాయి. అందుకే ముందు అమ్మాయితో నాలుగు మాటలు మాట్లాడి, తర్వాత చదువు సంగతి మీకు చెబుతాను. ఈ భాగం తనచేత చదివించండి.

తల్లీ, ఆ ప్రశ్న చెరపకు. బోర్నియో జావాకు దాదాపు ఆరింతలు. జనం చూస్తే తలకిందులు. 2020లో ఇండొనేషియా జనాభా లెక్కలు తీసినప్పుడు జావాలో 15.16 కోట్ల మంది తేలారు. బోర్నియోలో ఇండొనేషియా, మలేషియా, బ్రూనై మూడింటి భాగాలూ కలిపినా రెండు కోట్ల ముప్పై లక్షల దరిదాపు. కారణం చాలావరకు కాళ్ల కింద మట్టిలోనే ఉంది. జావా వెన్నెముక పొడవునా నిప్పుకొండలే. అవి చిమ్మిన బూడిద నేలకు ఎరువై, కొండవాలుల్లో మెట్లు మెట్లుగా మళ్లు కట్టి, నీళ్లు పెట్టి ఏడాదికి రెండేసి, మూడేసి వరి పంటలు తీసే వీలు కలిగింది. బోర్నియోలో అలా రగిలే కొండలు లేవు. ఎడతెగని వానలు నేలలోని సారాన్ని కడిగేశాయి, తీరం వెంబడి చాలా చోట్ల బురద అడవి. పంట పండే చోటికే జనం చేరారు.

ఇక్కడ ఒక తప్పు కూడా చూపిస్తాను, నొచ్చుకోకు. నీ పుస్తకంలో మదురా దీవి వేరే వరుసలో ఉంది. ఇండొనేషియావాళ్లు జావా అని చెప్పే ఆ 15.16 కోట్లలో మదురా కలిసే ఉంటుంది. అంటే దాదాపు నలభై లక్షల మందిని నువ్వు రెండుసార్లు లెక్కపెట్టావు. ఈ పనిలో ఉన్నవాళ్లు అంకె చూడగానే మొదట అడిగేది ఇదే: ఇందులో ఎవరు కలిశారు, ఎవరు కలవలేదు?

మీ మామ ఉన్న అండమాన్, నికోబార్‌నే తీసుకో. 2011లో అక్కడి జనం 3,80,581. చదరపు కిలోమీటరుకు 46 మంది. అదే ఏడు లక్షద్వీప్‌లో జనం 64,473 మందే కానీ, చదరపు కిలోమీటరుకు 2,149 మంది. రెండూ మన దేశపు దీవులే, ఒకే సెన్సస్. అండమాన్‌లో నేలంతా దాదాపు అడవి, అందులో కొంత జరావాలకు, ఇతర తెగలకు కేటాయించినది. లక్షద్వీప్‌లో ఉన్న నేలే ముప్పై చదరపు కిలోమీటర్ల దరిదాపు. పగడపు దిబ్బల మీద కొబ్బరి చెట్లు, చుట్టూ చేపలు, ఇసుక కింద పలచటి మంచినీటి పొర. వాటిలో పది దీవుల్లోనే మనుషులు కాపురమున్నారు. నువ్వు రెండు గీతలు గీసిన బిత్ర మొత్తం చదరపు కిలోమీటరులో పదో వంతు. అంత చిన్న చోట 271 మంది అంటే తక్కువ కాదు, కిక్కిరిసినట్టే.

అండమాన్‌లో తెలుగువాళ్లు 13 శాతం దాకా ఉన్నారు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పడవెక్కినవాళ్లే. మీ మామ తాపీ పట్టుకుని వెళ్లడం కూడా ఆ అంకెలో ఒకటి కలపడమే. అక్కడ అన్నిటికన్నా ఎక్కువమందికి ఇంటి భాష బెంగాలీ. ఎందుకో నీకు మల్కాన్‌గిరిలోనే తెలుస్తుంది. ఎం.వి. నంబర్లతో ఉన్న ఊళ్లు చూశావు కదా? దండకారణ్య ప్రాజెక్టు కింద తూర్పు బెంగాల్ కాందిశీకులకు కట్టించిన ఊళ్లవి. ఆ కాందిశీకుల్లోనే ఇంకొందరిని ప్రభుత్వం అండమాన్‌లో దింపింది. డచ్చివాళ్లు కూడా 1905 నుంచి జావా రైతులను సుమత్రాకు తరలించారు. స్వతంత్రం వచ్చాక ఇండొనేషియా ప్రభుత్వం ఆ పని ఇంకా పెద్ద ఎత్తున చేసింది. దీవి జనాభాను మట్టి ఎంత నడిపిస్తుందో, ప్రభుత్వ ఉత్తర్వు కూడా అంత నడిపిస్తుంది.

అంకె తగ్గిన చోట్లు నీ పుస్తకంలో లేవు. నికోబార్ జిల్లాలో 2001లో 42,068 మంది, 2011లో 36,842. మధ్యలో 2004 డిసెంబర్ 26 ఉంది, సునామీ వచ్చిన రోజు. జపాన్‌లో హాషిమా అనే బొగ్గు గని దీవి. ఆరు హెక్టార్ల రాతి మీద అపార్ట్‌మెంట్లు కట్టుకుని 1959లో 5,259 మంది బతికారు. 1974లో గని మూశారు, ఆ ఏడే దీవి ఖాళీ అయింది. అండమాన్‌లోని నార్త్ సెంటినెల్ దీవిలో అయితే బయటివాళ్లెవరూ అడుగుపెట్టకూడదు. 2011లో దూరం నుంచి కనపడినవాళ్లను చూసి 15 అని రాసుకున్నారు. అది జనాభా కాదు, కనపడినవాళ్ల సంఖ్య. ఇప్పుడు నాలుగో గడి గియ్యి, దాని పేరు ‘ఎందుకు?’. ఐదోది కూడా గియ్యి, ‘ఎవరు లెక్కపెట్టారు, ఏ ఏడు?’.

అయ్యా, ఇక మీతో.

మీ భయంలో సగం నిజముంది, దాన్ని కొట్టిపారెయ్యను. నా దగ్గరకు మీ పక్క కొరాపుట్ జిల్లా జయపురం వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చేవాడు. జాగ్రఫీ అంటే ప్రాణం. బి.ఏ.లో జాగ్రఫీ, హిస్టరీ, పొలిటికల్ సైన్స్ తీసుకున్నాడు. ఫస్ట్ క్లాసులో పాసై, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్ల జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ నోటిఫికేషన్ పట్టుకుని వచ్చాడు. దానికి ప్లస్ టూలో గణితంలో కనీసం 60 శాతం ఉండాలి, లేదంటే డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలి. రెండూ లేవు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ‘ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది కదా సార్’ అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలదు. అందుకే చెబుతున్నాను: అమ్మాయిని జాగ్రఫీ చదవనివ్వండి, కానీ గణితమో స్టాటిస్టిక్సో లేకుండా చదవనివ్వకండి. ఒడిశా ప్లస్ టూ ఆర్ట్స్‌లో ఈ రెండూ ఎలక్టివ్‌లుగా ఉన్నాయి. చిక్కేమిటంటే ప్రతి కాలేజీలో చెప్పేవాళ్లు ఉండరు. దగ్గరని చూసి చేర్చకండి. మల్కాన్‌గిరిలో దొరక్కపోతే జయపురం, అక్కడా లేకపోతే బరంపురం.

పదేళ్లకోసారి వచ్చే పని అన్నారు. ఇంటింటికీ తిరిగి రాసేది మేస్టర్లే, నిజమే. రాసిన తర్వాత పని ఎక్కడ జరుగుతుందన్నది ప్రశ్న. సెన్సస్ కార్యాలయాల్లో స్టాటిస్టికల్ ఇన్వెస్టిగేటర్లు ఏడాది పొడవునా పని చేస్తారు. ఆ పోస్టుకైతే డిగ్రీ మూడేళ్లూ స్టాటిస్టిక్స్ ఉండాలి. రెండు సెన్సస్‌ల మధ్య జనన మరణాల శాంపిల్ సర్వే ఆగదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1992-93 నుంచి విడతలు విడతలుగా జరుగుతోంది. ఉద్యోగాలు, కూలీల మీద సర్వేలు వేరే. రాష్ట్రాల ఆర్థిక గణాంక శాఖలు వేరే. 2021లో జరగాల్సిన సెన్సస్‌కు ఇప్పుడు 2027 మార్చి 1ని లెక్క తేదీగా పెట్టారు, అది మొదటిసారి డిజిటల్‌గా జరుగుతుంది. ఆ లెక్కలు విప్పి చదివేవాళ్లు చాలా ఏళ్లు కావాలి. మీ అమ్మాయి డిగ్రీ ముగించే వేళకు పని మంచి ఊపులో ఉంటుంది.

డిగ్రీ తర్వాత నేను ముందుగా చెప్పే పేరు ముంబయి దేవనార్‌లోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ. 1956లో పెట్టారు, కుటుంబ ఆరోగ్య సర్వేలు నడిపేది వాళ్లే. జాగ్రఫీ చదివినవాళ్లు అక్కడి జనాభా అధ్యయనాల ఎం.ఏ.కి వెళ్లవచ్చు. ఆరోగ్య లెక్కల శాస్త్రం, అంటే బయోస్టాటిస్టిక్స్ వైపు పోవాలంటే మళ్లీ గణితమో స్టాటిస్టిక్సో కావాల్సిందే. తను సంతోషపడుతుంది కాబట్టి చెబుతున్నాను, ఆ సంస్థ ఉన్నది కూడా దీవి మీదే. ముంబయి ఒకప్పుడు ఏడు దీవులు, వాటికి ఉత్తరాన సాల్సెట్. మధ్యనున్న సముద్రపు పాయలు పూడ్చి ఒకటి చేశారు. 2011లో బృహన్ముంబయిలో 1.24 కోట్ల మంది. ఆసియాలో కిక్కిరిసిన దీవుల్లో అదొకటి, తన పట్టికలో మాత్రం లేదు.

అంత దూరం ఇప్పుడే పంపలేమంటే విశాఖ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జాగ్రఫీ విభాగమూ ఉంది, కేంద్ర ఆరోగ్య శాఖ నిధులిచ్చే జనాభా పరిశోధన కేంద్రమూ ఉంది. అలాంటి కేంద్రమే భువనేశ్వర్‌లో ఉత్కళ విశ్వవిద్యాలయంలో ఉంది. మ్యాపులు, ఉపగ్రహ చిత్రాల వైపు మనసు పోతే కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసే జి.ఐ.ఎస్. నేర్చుకుని హైదరాబాద్ వెళ్లవచ్చు. 1999 సూపర్ సైక్లోన్ తర్వాత ఒడిశా పెట్టుకున్న విపత్తు నిర్వహణ సంస్థ లాంటి చోట్ల, ఏ పల్లెలో ఎంతమంది, ఎవరిని ముందు తరలించాలి అన్నది చెప్పగలిగే మనిషి అవసరం ఎప్పుడూ ఉంటుంది.

భాష గురించి దిగులు వద్దు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో దేశియా, టీవీలో హిందీ. సర్వేకు వెళ్లేవాళ్లకు ఇంతకన్నా పెట్టుబడి లేదు. ఇంగ్లిష్ మాత్రం ఈ రెండేళ్లలో గట్టిపరచాలి, పై చదువుల పుస్తకాలన్నీ అందులోనే.

నర్సింగ్ మంచి వృత్తి, తొందరగా నిలబడే వృత్తి. తనకు ఇష్టముంటే నేనూ అదే చెప్పేవాణ్ని. ఇంట్లో వెంటనే సంపాదన అవసరమైతే ఆ మాట దాచకుండా తనతోనే చెప్పండి, పదహారేళ్ల పిల్ల అర్థం చేసుకుంటుంది. ఈ దారిలో మొదటి జీతానికి ఐదారేళ్లు పడుతుంది.

ప్లస్ టూలో చేరడానికి ఆన్‌లైన్‌లో పెట్టే సామ్స్ ఫారం నింపే ముందు తనను ఒకసారి జన్‌బాయి తీసుకెళ్లండి. సీలేరు మీద బలిమెల డ్యాం కట్టాక దానికి అవతల 151 ఊళ్లకు మూడు వైపులా నీళ్లు, నాలుగో వైపు అడవి అయ్యాయి. జాగ్రఫీ పుస్తకంలో అది దీవి కాదు, అక్కడి బతుకులో దీవే. లాంచీ దొరికితేనే సంత, లాంచీ దొరికితేనే ఆసుపత్రి. 2018 జులైలో 910 మీటర్ల గురుప్రియ వంతెన వచ్చింది. అవతలి ఊళ్లలో ఒకటి ఎంచుకోమనండి. 2011లో ఆ ఊరి జనాభా ఎంతో సెన్సస్ పుస్తకంలో దొరుకుతుంది. ఇప్పుడు ఎన్ని ఇళ్లున్నాయి, వంతెన వచ్చాక ఎవరు వెళ్లిపోయారు, ఎవరు తిరిగొచ్చారు అని మీ కొట్టుకు సరుకులకొచ్చే ఆ ఊరివాళ్లనే అడగమనండి. ఐదు గళ్లూ నింపి ఆ పేజీ ఫొటో నాకు పంపితే, ప్లస్ టూలో గణితమా, స్టాటిస్టిక్సా అన్నది తన రాత చూసి చెబుతాను.