నలుగురు డాక్టర్లు నాలుగు మాటలు చెబుతుంటే మేం నిర్ణయం ఎలా తీసుకున్నాం

మీ అమ్మగారికి 78 ఏళ్లని, న్యుమోనియాతో చేరి మూడు రోజులైందని, గుండె డాక్టరు ఒకటి చెబితే కిడ్నీ డాక్టరు మరొకటి చెబుతున్నారని, నిన్న రాత్రి నుంచి ఆవిడ మిమ్మల్నే గుర్తుపట్టడం లేదని రాశారు. ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న. నేను డాక్టరును కాను. రెండేళ్ల క్రితం మా నాన్నగారి మంచం పక్కన తొమ్మిది రోజులు కూర్చున్నదాన్ని.

ముందు ఆ గుర్తుపట్టకపోవడం గురించి. "వయసైపోయింది కదా" అని ఎవరు తేల్చేసినా ఊరుకోకండి. మొన్నటిదాకా లెక్కలు కూడా చెప్పిన మనిషి ఒక్క రోజులో తికమకపడితే దాన్ని చాలాసార్లు డెలీరియం అంటారు. మన పెద్దవాళ్లు సంధి ప్రేలాపన అన్నది ఇదే. ఇన్‌ఫెక్షన్, ఆక్సిజన్ తగ్గడం, సోడియం పడిపోవడం, మూత్రం ఆగిపోవడం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఏదైనా కారణం కావచ్చు. ఒకటికి రెండు కలిసీ ఉండవచ్చు. అరిచి గొడవ చేసేవారి మీద అందరి దృష్టీ పడుతుంది. ఉలుకూ పలుకూ లేకుండా పడుకున్నవారికీ ఇదే ఉండవచ్చు, వారిని "నిద్రపోతున్నారు" అని వదిలేస్తారు. "ఇది నిన్నటి నుంచి కొత్తగా వచ్చింది" అని డ్యూటీ డాక్టరుకు ఇప్పుడే చెప్పండి.

మా నాన్నగారికి అప్పుడు 82. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవారు. దానివల్ల కొందరికి పాదాలు వాస్తాయట, ఆ సంగతి మాకు తెలియదు. వాపు చూసి ఇంకో డాక్టరు మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర రాశారు. మూడు వారాలకు నీరసం, తిండి సహించకపోవడం, చివరికి స్నానాల గదిలో పడిపోవడం. ఆసుపత్రిలో చూస్తే సోడియం 118. ఉండాల్సింది 135 నుంచి 145 మధ్య.

రెండో రాత్రి సెలైన్ సూది పీకేసి, "గంట కొట్టారా? పిల్లలు ఎండలో నిలబడ్డారు" అంటూ మంచం దిగబోయారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. మర్నాడంతా కళ్లు తెరవలేదు. న్యూరాలజీ వారు వచ్చి ఎంఆర్ఐ అన్నారు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ కొంచెం ఎక్కువగా ఉందని గుండె డాక్టరు యాంజియోగ్రామ్ అన్నారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కాస్త ఎక్కువగా 1.6 ఉంది, ఆ పరీక్షకు వాడే మందు కిడ్నీలకు మంచిది కాదని కిడ్నీ డాక్టరు అన్నారు. డాలస్‌లో ఉన్న అన్నయ్య ఫోనులో "అన్నీ చేయించు, డబ్బు గురించి ఆలోచించకు" అన్నాడు. దూరాన ఉన్నవాళ్లకు భయం ఎక్కువ, అది తప్పు కాదు. కానీ సంతకం పెట్టాల్సింది నేను.

దారి చూపింది జనరల్ మెడిసిన్ డాక్టరుగారు. వయసులో నాకంటే చిన్నావిడ. ఆవిడ రిపోర్టులు పక్కన పెట్టి అడిగిన మొదటి ప్రశ్న: "నెల క్రితం ఈయన రోజు ఎలా గడిచేది?" పొద్దున్నే నడిచి వెళ్లి పాలు తెచ్చేవారు, పేపరు మొత్తం చదివేవారు, పెన్షన్ లెక్కలు తానే చూసుకునేవారు. అంతకు ముందు ఎవరూ ఇది అడగలేదు, నేనూ చెప్పలేదు. ఎప్పటి నుంచో మతి తప్పిన ముసలాయన అనుకునే అందరూ చూస్తున్నారు! ఇంట్లోని మందులన్నీ సంచిలో వేసి తెమ్మన్నారు. తెస్తే పదకొండు రకాలు. అందులో జలుబుకు షాపులో కొనుక్కున్న మాత్ర ఒకటి. అలాంటివి ఈ వయసులో తికమక పెంచుతాయి, ప్రోస్టేట్ సమస్య ఉన్న మగవారికి మూత్రం ఆపేస్తాయి. మాత్ర తెచ్చిన వాపుకు మరో మాత్ర, దానివల్ల సోడియం పడిపోవడం, ఆ గొలుసంతా ఆవిడే విప్పి చూపించారు. సోడియం కూడా ఒక్కసారిగా పెంచకూడదట, మెదడుకు ప్రమాదం. రోజుకు ఎనిమిది పాయింట్లకు మించకుండా పెంచారు.

యాంజియోగ్రామ్ గురించి ఆవిడ చెప్పిన పద్ధతి నాకు ఇప్పటికీ పనికొస్తోంది. పరీక్షలో ఏది తేలితే ఏం చేస్తారో ముందే అడగమన్నారు. అడ్డంకి తేలితే స్టెంట్, స్టెంట్ వేస్తే రక్తం పలచబరిచే మందులు రెండు. ఇప్పటికే ఒకసారి పడిపోయిన మనిషి. ఛాతీనొప్పి లేదు, ఈసీజీలో మార్పు లేదు. గుండె డాక్టరు ముందే ఈ మాటలు అడిగితే, "ఇప్పుడు తొందర లేదు, నొప్పి వస్తే చూద్దాం" అని ఆయనే ఒప్పుకున్నారు. మీ అమ్మగారి విషయంలో జవాబు వేరే కావచ్చు. నొప్పి, ఈసీజీ మార్పులు ఉంటే ఆలస్యమే ప్రమాదం.

ఇంకో సంగతి: డెలీరియం రోజంతా ఒకేలా ఉండదు. నాన్నగారు పొద్దున ఎనిమిది గంటలప్పుడు తేటగా ఉండేవారు. ఆ సమయంలో ఆయన్నే అడిగాం. "అరుగు దాకా నడిచి వెళ్లి కూర్చోగలిగితే చాలమ్మా" అన్నారు. అన్నయ్యకు ఫోను ఆయన చేతికే ఇచ్చాను. తర్వాత వాడు వాదించలేదు.

నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. పోతాయన్న భయంతో కళ్లజోడు, వినికిడి యంత్రం ఇంటికి పంపేశాను. కనపడక, వినపడక, కిటికీ లేని గదిలో పగలో రాత్రో తెలియక ఆయన ఇంకా చెదిరిపోయారు. నాలుగో రోజు అవి తిరిగి తెచ్చి, గోడ గడియారం పెట్టించి, అవసరం తీరిన మూత్రపు గొట్టం తీయించి, రోజుకు రెండుసార్లు కుర్చీలో కూర్చోబెట్టాం. ఆరో రోజుకు గంట మాట మానేశారు.

మీరు రేపు రౌండ్ల సమయంలో ఒక్కటే అడగండి: "ఇంతమంది డాక్టర్ల మాటలు కలిపి నిర్ణయించేది ఎవరు?" ఒక పేరు చెప్పే దాకా వదలవద్దు. వృద్ధుల వైద్యంలో ఎండీ చదువు మద్రాస్ మెడికల్ కాలేజీలో 1996లోనే మొదలైనా, ఆ నిపుణులు మన ఊళ్లలో సులువుగా దొరకరు. జాగ్రత్తగల జనరల్ ఫిజీషియన్ దొరికినా చాలు. వెంటిలేటర్ ప్రశ్న వచ్చేలోపు అమ్మగారికి ఏం కావాలో తేటగా ఉన్నప్పుడు కనుక్కోండి. మనం చెప్పలేని స్థితి వస్తే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే ముందస్తు వైద్య నిర్దేశాన్ని (లివింగ్ విల్) సుప్రీంకోర్టు 2018లో అనుమతించింది. 2023 నుంచి ఇద్దరు సాక్షుల ముందు రాసి నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం తీసుకుంటే సరిపోతుంది. మా నాన్నగారు కోలుకున్నాక తానే రాసుకున్నారు, నా చేతిరాత బాగుండదని.

డిశ్చార్జి రోజున కాగితం మాత్రం చదవకుండా తీసుకోకండి. మాకిచ్చిన మందుల జాబితాలో ఆ మూత్రం మాత్ర మళ్లీ ఉంది, పాత చీటీలోంచి కంప్యూటర్లోకి ఎక్కించారట. డాక్టరమ్మ పెన్నుతో కొట్టేసి పక్కన సంతకం పెట్టారు.