టెక్ సందేహాలు: విమానం ఆగదు కదా, రాడార్ దూరం ఎలా కొలుస్తుంది?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో మూడింటి మూలం ఒక్కటే. అందుకే వాటినే తీసుకుంటున్నాను. ఫోన్ బ్యాటరీ, వాట్సాప్ బ్యాకప్ గురించి అడిగినవాళ్లు వచ్చే వారం దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: నేను కాకినాడలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. రాడార్ పంపే పల్స్ (రేడియో తరంగాల చిన్న తునక) వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని కాంతి వేగంతో గుణించి, రెండుతో భాగిస్తే దూరం వస్తుందని క్లాసులో చెప్పారు. కానీ విమానం ఒకచోట నిలబడి ఉండదు కదండీ? పల్స్ తిరిగి వచ్చేలోపు అది ముందుకు వెళ్లిపోతుంది. అప్పుడు వచ్చిన దూరం తప్పు కాదా?

జవాబు: ఇదే ప్రశ్న నన్ను వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగితే నోరు వెళ్లబెట్టాను. ఇంటికొచ్చి లెక్క వేశాక నవ్వొచ్చింది. మీరూ వేసి చూడండి.

రేడియో తరంగం మైక్రోసెకనుకు సుమారు 300 మీటర్లు పోతుంది. పోవడం, రావడం రెండూ ఉన్నాయి కాబట్టి గడియారంలో ఒక్కో మైక్రోసెకనుకు 150 మీటర్ల దూరం అని రాసుకోవచ్చు. విమానం 75 కి.మీ. దూరంలో ఉందనుకుంటే ప్రతిధ్వని 500 మైక్రోసెకన్లలో, అంటే అర మిల్లీసెకనులో వచ్చేస్తుంది. ప్రయాణికుల విమానం గంటకు 900 కి.మీ. వేగంతో, అంటే సెకనుకు 250 మీటర్ల చొప్పున పోతుంటే, ఆ అర మిల్లీసెకనులో కదిలేది పన్నెండున్నర సెంటీమీటర్లు. జానెడు కూడా కాదు. మరోవైపు పల్స్ నిడివి ఒక మైక్రోసెకను అయితే, ఆ రాడార్ 150 మీటర్లకంటే దగ్గరగా ముందూ వెనకా పోతున్న రెండు విమానాలను మామూలుగా విడదీసి చూపలేదు. దాని ముందు జానెడు తేడా ఏపాటిది?

ఇంకో మాట. మనకు వచ్చే దూరం పల్స్ బయల్దేరినప్పటిదీ కాదు, తిరిగొచ్చినప్పటిదీ కాదు. అది విమానాన్ని తాకిన క్షణానిది. విమానం విషయంలో ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. రాకెట్ విషయంలో పట్టించుకోవాలి. శ్రీహరికోట నుంచి లేచిన రాకెట్ 1000 కి.మీ. దూరంలో, రాడార్ నుంచి నేరుగా దూరం జరుగుతూ సెకనుకు 7 కి.మీ. వేగంతో పోతోందనుకుందాం. తాకిన పల్స్ వెనక్కి రావడానికి 3.3 మిల్లీసెకన్లు పడుతుంది. ఈలోపు రాకెట్ 23 మీటర్లు జరిగిపోతుంది. కాబట్టి ఆ దూరం పక్కన రాసుకోవాల్సింది పల్స్ అందిన సమయం కాదు, తాకిన సమయం. వచ్చిన దూరం సరైనదే, దానికి వేసే టైమ్ ముద్ర సరిగ్గా ఉండాలి.

అసలు తలనొప్పి వేరే చోట ఉంది. రాడార్ ఒక్క పల్స్ పంపి ఊరుకోదు, సెకనుకు వందలు, వేలు పంపుతుంది. అత్తగారింటికి రోజుకో ఉత్తరం రాసే అల్లుడికి ఒక జవాబు వచ్చిందనుకోండి. అది నిన్నటి ఉత్తరానికా, మొన్నటిదానికా? రాడార్ పరిస్థితీ అంతే. సెకనుకు 1000 పల్స్‌లు పంపితే రెండింటి మధ్య ఒక మిల్లీసెకను ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో వెళ్లి రాగల దూరం 150 కి.మీ. విమానం 170 కి.మీ. దగ్గర ఉంటే దాని ప్రతిధ్వని తర్వాతి పల్స్ బయల్దేరాక వస్తుంది, తెరమీద 20 కి.మీ. దగ్గర చుక్క కనిపిస్తుంది. ఎంత టెన్షనో ఊహించండి!

దీనికి విరుగుడు సెకనుకు పంపే పల్స్‌ల సంఖ్య మార్చడం. ఈసారి సెకనుకు 1200 పంపండి. ఖాళీలో పట్టే దూరం 125 కి.మీ.కి తగ్గుతుంది. నిజంగా 20 కి.మీ. దగ్గరున్న విమానమైతే ఇప్పుడూ 20 దగ్గరే కనిపించాలి. మన చుక్క మాత్రం 45కి గెంతుతుంది. 20కి 150 కలిపినా, 45కి 125 కలిపినా వచ్చేది 170. దొంగ దొరికాడు.

ఇక కదలిక రాడార్‌కు అడ్డమని మీరు అనుకుంటున్నారు కానీ, చాలాసార్లు అదే దిక్కు. కొండలు, సెల్ టవర్లు, ఎత్తైన భవనాలు కూడా ప్రతిధ్వనులు పంపుతాయి. వాటి మధ్య విమానాన్ని పట్టించేది డాప్లర్ మార్పే, అంటే కదిలే వస్తువు వల్ల ప్రతిధ్వని ఫ్రీక్వెన్సీలో వచ్చే తేడా. రాడార్ తరంగదైర్ఘ్యం 10 సెం.మీ. అయితే, సెకనుకు 250 మీటర్ల వేగంతో నేరుగా ఎదురొచ్చే విమానం ప్రతిధ్వని ఫ్రీక్వెన్సీని 5000 హెర్ట్జ్ పెంచుతుంది. కొండ ఏ మార్పూ చేయదు. కదలనివాటిని తీసేస్తే కదిలేవి మిగులుతాయి.

కానీ ఒక తిరకాసు ఉంది. సెకనుకు సరిగ్గా 1000 పల్స్‌లు పంపుతుంటే 5000 దానికి అయిదు రెట్లు. ఒక పల్స్‌కీ మరో పల్స్‌కీ మధ్య విమానం 25 సెం.మీ. కదులుతుంది. రానుపోను కలిపితే అర మీటరు, అంటే సరిగ్గా అయిదు పూర్తి తరంగాలు. ప్రతి పల్స్‌కీ ప్రతిధ్వని ఒకే దశలో (తరంగం ఎత్తుపల్లాల్లో అదే చోట) వస్తుంది కాబట్టి రాడార్ దాన్ని కొండే అనుకుని తీసిపారేస్తుంది! సినిమాలో పరుగెత్తే బండి చక్రం ఆగిపోయినట్టు కనిపిస్తుందే, అదే సంగతి. ఈ గుడ్డి వేగాలకు మందు కూడా సెకనుకు పంపే పల్స్‌ల సంఖ్య మార్చుతూ పోవడమే. వైవాలో ఈ ఉదాహరణ చెప్పండి, ఎక్స్‌టర్నల్ తలూపకపోతే నన్నడగండి.

ప్రశ్న: ఆర్డ్యునో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో, అటూ ఇటూ తిరిగే సర్వో మోటార్ మీద అల్ట్రాసోనిక్ సెన్సర్ పెట్టి రాడార్ ప్రాజెక్టు చేశాను. ఇది రాడారే కాదని గైడ్ అంటున్నారు. సెన్సర్ మార్చి, అదే బోర్డుతో అసలైన పల్స్ రాడార్ చేయొచ్చా? (వరంగల్)

జవాబు: గైడ్ మాట నిజం. మీది సోనార్, అంటే రేడియోతో కాక శబ్దంతో దూరం కొలిచేది. బోర్డు సంగతికొస్తే, ఆర్డ్యునో యూనో గడియారం 16 మెగాహెర్ట్జ్. రేడియో తరంగం రానుపోను లెక్కలో దాని ఒక్క టిక్కు అంటే సుమారు 9.4 మీటర్ల దూరం. కోడ్‌లో సమయం చెప్పే మైక్రోస్ ఫంక్షన్ వాడితే ఇంకా ఘోరం, అది 4 మైక్రోసెకన్ల అంగలు వేస్తుంది, అంటే 600 మీటర్లకో మెట్టు. మీ ల్యాబ్ ఏ మూల నిలబడ్డా దూరం సున్నాయే.

అయినా సోనార్‌ని తక్కువ చేయకండి. కాకినాడ విద్యార్థి అనుమానం అచ్చంగా నిజమయ్యేది ఇక్కడే. శబ్దం వేగం సెకనుకు 343 మీటర్లే. 3 మీటర్ల దూరంలో ఉన్న బంతికి తగిలి శబ్దం తిరిగి రావడానికి 17 మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. బంతి సెకనుకు 20 మీటర్ల వేగంతో వస్తుంటే ఈలోపు 35 సెం.మీ. కదిలిపోతుంది. హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే అల్ట్రాసోనిక్ సెన్సర్‌కి కొలతకూ కొలతకూ మధ్య 60 మిల్లీసెకన్లు ఆగమంటారు, ఆ లోపు ఇంకో 1.2 మీటర్లు. డెమోలో బంతి విసరకండి, మనిషిని నడిపించండి.

ఎండాకాలం డెమో అయితే ఉష్ణోగ్రత సవరణ కూడా పెట్టండి. 42 డిగ్రీల్లో శబ్దం సెకనుకు సుమారు 356 మీటర్ల వేగంతో పోతుంది. కోడ్‌లో 343 అనే ఉంటే 3 మీటర్లలో ఉన్న గోడ 2.89 దగ్గర కనిపిస్తుంది. ఒక చిన్న ఉష్ణోగ్రత సెన్సర్ కలిపితే ప్రాజెక్టు రిపోర్టులో ఒక పేజీ నిండుతుంది, మార్కులూ పడతాయి.

మైక్రోవేవ్ రాడార్ సెన్సర్ అని ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ఆర్‌సీడబ్ల్యూఎల్-0516 కొని మోసపోకండి. ఎవరో కదిలారని చెబుతుంది తప్ప ఎంత దూరమో చెప్పదు. హెచ్‌బీ100 అనే సెన్సర్ వేగం చెబుతుంది, గంటకు ఒక కి.మీ. వేగానికి దాదాపు 19.5 హెర్ట్జ్ డాప్లర్ మార్పు చొప్పున. దూరం అదీ చెప్పదు. దూరం కూడా కావాలంటే 24 గిగాహెర్ట్జ్ ఎల్‌డీ2410 లాంటివి చూడండి. అవి పల్స్ పంపవు, ఫ్రీక్వెన్సీని పైకి లాగుతూ తేడా కొలుస్తాయి.

ప్రశ్న: ఔటర్ రింగ్ రోడ్డు మీద స్పీడ్ గన్ చలానా వచ్చింది. పోలీసు రోడ్డు పక్కన, వంకరగా నిలబడి గురిపెట్టాడు. అలా పెడితే వేగం ఎక్కువ చూపిస్తుందని ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా? (హైదరాబాద్)

జవాబు: మీ ఫ్రెండ్ తిరగేసి చెప్పాడు. లేజర్ గన్ అయితే అది చేసేదీ పైన చెప్పిన పనే, రేడియోకు బదులు పరారుణ కాంతి పల్స్‌లు. సుమారు మూడో వంతు సెకనులో వందలసార్లు మీ కారు దూరం కొలిచి, ఆ దూరం ఎంత త్వరగా తగ్గుతోందో చూస్తుంది. వంకరగా పట్టుకుంటే కారు వేగంలో గన్ వైపు వచ్చే భాగమే లెక్కకొస్తుంది. 20 డిగ్రీల కోణంలో 100 పోయే కారు 94గా పడుతుంది. వంకర మీకే లాభం.

ఎక్కువ చూపించే దారి ఒకటి లేకపోలేదు. కొలిచేటప్పుడు చెయ్యి జారి గురి అద్దం మీద నుంచి నంబర్ ప్లేటు మీదికి దిగితే, కారు ముక్కు పొడవంతా దూరం తగ్గిందన్నట్టు లెక్కలో పడుతుంది. మూడో వంతు సెకనులో ఒక్క మీటరు అలా కలిస్తే గంటకు 11 కి.మీ. దాకా పెరుగుతుంది. అందుకే మంచి గన్‌లు కొలతలన్నీ ఒకే తీరుగా తగ్గకపోతే వేగం చూపించకుండా ఎర్రర్ ఇస్తాయి. మీ చలానా ఫొటోలో గురి గుర్తు ఎక్కడుందో ఒకసారి చూడండి. నంబర్ ప్లేటు మీదే ఉంటే, డబ్బు కట్టేయండి.