దసరాలోపు లెక్క తేల్చు, అల్లుడూ

హన్మకొండ

అల్లుడూ,

నువ్వు పంపిన ప్లాను రెండుసార్లు చదివాను. వరంగల్, జమ్మికుంట, ఆదిలాబాద్‌లలో పత్తి జిన్నింగు మిల్లులు, ఇక్కడ హెడ్డాఫీసు, హైదరాబాద్ క్లౌడులో బిల్లింగు సర్వర్లు. ఎక్కడ ఏ నెట్‌వర్క్ సామాను ఉంది, ఏది దేనికి కలిపి ఉంది అన్నదంతా ఒక్కచోట కనబడాలని మీ సేటు అడిగాడు. సరైన కోరికే. కానీ నువ్వు హెడ్డాఫీసులో ఒక స్కానర్ పెట్టి, దానికోసం నెట్‌వర్కుకు కాపలా కాసే ప్రతి ఫైర్‌వాల్‌లోనూ దారి తెరిచావు. ముందు అది కొట్టేయి.

ఆఫీసు, సీసీ కెమెరాలు, కాంటా గది, మిషన్లు వేరువేరు వీల్యాన్‌లలో, అంటే ఒకే నెట్‌వర్కులో గోడలు కట్టి విడదీసిన సెగ్మెంట్లలో ఉన్నాయంటే, ఒకచోట వైరస్ వస్తే ఇంకోచోటికి పాకకూడదనే కదా. అన్ని గదుల తాళాలూ ఒకే మిషన్‌కు ఇస్తే దొంగ ముందు వెతికేది దాన్నే. పోనీ అంత చేసినా నీకు దక్కేది సగం లెక్కే. ఏ ఐపీ ఏ సామానుదో అడిగి తెలుసుకునే ఏఆర్పీ రౌటర్ దాటదు కాబట్టి అవతలి సామాను ఐపీ, అంటే నెట్‌వర్కులో దాని నంబరు దొరుకుతుంది గానీ మ్యాక్ అడ్రస్, అంటే తయారీలోనే సామాను మీద పడ్డ నంబరు దొరకదు.

మన గొలుసుకట్టు చెరువులు గుర్తున్నాయా? ఏ ఊరి తూము ఆ ఊరి నీరటికాడే ఎత్తేవాడు. నీక్కూడా సైటుకొక నీరటికాడు కావాలి. ఒక పాత డెస్క్‌టాప్, అందులో లినక్స్, అంతే. లెక్క పోగేస్తుంది కాబట్టి దాన్ని కలెక్టర్ అందాం. అది లోపల లెక్క తీసి తనంతట తానే 443 పోర్టు (వెబ్‌సైట్లు వాడే భద్రమైన దారి) మీద హెడ్డాఫీసుకు పంపాలి. బయటినుంచి దానిలోకి కనెక్షన్ రాకూడదు. జమ్మికుంట లైను తెగితే లెక్క తన దగ్గరే దాచుకుని, లైను వచ్చాక పంపాలి.

ఆ డెస్క్‌టాప్ కూడా సెగ్మెంటుకు 254 అడ్రసుల తలుపులు తట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు. అన్ని స్విచ్‌లూ వచ్చి కలిసే కోర్ స్విచ్‌ను ఎస్‌ఎన్‌ఎంపీతో (నెట్‌వర్క్ సామానును వివరాలు అడిగే పద్ధతి) అడిగితే ఏఆర్పీ టేబుల్ ఇస్తుంది, ఏ ఐపీకి ఏ మ్యాక్ అని. కింది స్విచ్‌ల మ్యాక్ టేబుల్‌ను బట్టి అది ఏ పోర్టులో ఉందో తెలుస్తుంది. ఏ స్విచ్ దేనికి తగిలి ఉందో ఎల్‌ఎల్‌డీపీ, అంటే సామాను పక్కదానికి తన పేరు చెప్పుకునే పద్ధతి, చెబుతుంది. ఎస్‌ఎన్‌ఎంపీలో వెర్షన్ 3 వాడు. వెర్షన్ 2లో పాస్‌వర్డ్‌లాంటి కమ్యూనిటీ పదం వైరు మీద ఉన్నదున్నట్టు పోతుంది, పైగా చాలాచోట్ల అది ఇంకా ‘పబ్లిక్’ అనే ఉంటుంది. పాస్‌వర్డ్‌లు సైటులోని కలెక్టర్ దగ్గరే ఉండాలి, క్లౌడు దాకా పోకూడదు.

మిషన్ల వీల్యాన్‌ను మాత్రం ముట్టుకోకు. నా సంగతి చెబుతా విను. ఒక మిల్లులో, పట్టపగలు, ఎన్‌మ్యాప్ అనే స్కానింగు టూలుతో మిషన్ల వీల్యాన్ మొత్తం స్కాన్‌లో పెట్టి టీకి వెళ్లాను. గ్లాసు చేతికి వచ్చేలోపు పత్తి నొక్కే ప్రెస్సు చప్పుడు ఆగింది. దాన్ని నడిపే చిన్న కంప్యూటర్ పాత పీఎల్సీ, అన్ని కనెక్షన్లు ఒకేసారి మీద పడేసరికి బిగుసుకుపోయింది. 170 కిలోల పత్తి బేలు సగం నొక్కి అలాగే ఉండిపోయింది. బయట పత్తి ట్రాలీలు రోడ్డు దాకా. ప్రెస్సు మేస్త్రీ నన్ను ఒక్క మాట అనలేదు. నా ల్యాప్‌టాప్ వైరు పీకి, చుట్ట చుట్టి నా చేతిలో పెట్టాడు. తిట్టినా బాగుండేది. అందుకే అక్కడ వినడమే నీ పని. స్విచ్‌లో ట్రాఫిక్ నకలు ఇచ్చే మిర్రర్ పోర్టు పెట్టి వచ్చేపోయేది చూడు, మిషన్లు మాట్లాడుకునే మోడ్‌బస్ అయితే 502 పోర్టు మీద కనబడుతుంది. మిగిలింది ఎలక్ట్రీషియన్‌ను అడిగి రాసుకో.

క్లౌడులో అయితే స్కాన్ మాటే వద్దు. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న రోల్ ఒకటి తీసుకుని ఏపీఐని, అంటే ప్రోగ్రాములు వివరాలు అడిగే క్లౌడు కిటికీని అడుగు. పొద్దున పుట్టిన సర్వర్ సాయంత్రానికి ఉండకపోవచ్చు, దాని ఐపీ ఇంకోదానికి పోవచ్చు. కాబట్టి క్లౌడు ఒక్కో సర్వర్‌కు ఇచ్చే ఇన్‌స్టెన్స్ ఐడీ రాసుకో.

అసలు తలనొప్పి ఇక్కడ వస్తుంది. మూడు మిల్లుల్లోనూ నెట్‌వర్క్ పెట్టినవాడు ఒకడే అయినట్టున్నాడు, నీ షీట్‌లో 192.168.1.10 మూడుసార్లు ఉంది. ఐపీని పేరుగా పెట్టుకుంటే మూడు సామాన్లు ఒకటైపోతాయి. సీరియల్ నంబరే సామాను పేరు, అది దొరక్కపోతే మ్యాక్. ఐపీ అంటే వట్టి ఇంటి నంబరు, అదీ సైటు, సెగ్మెంటు కలిపి రాస్తేనే పనికొస్తుంది. నెట్‌వర్క్ సామాను లెక్క రాసుకునే నెట్‌బాక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి డబుల్ ఐపీలకు వీఆర్‌ఎఫ్ అని ఒక అర ఉంది, వాడుకో. గెస్ట్ వైఫైలో ఫోన్లను లెక్కపెట్టకు. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు నెట్‌వర్కుకొక దొంగ మ్యాక్ చూపిస్తున్నాయి.

ఉండాల్సింది ఒక కాలమ్, కనబడింది ఇంకో కాలమ్. కలెక్టర్ రాసేది రెండో దాంట్లోనే, మొదటిది నువ్వు తప్ప ఎవరూ దిద్దకూడదు. రోజూ పొద్దున ఈ రెంటికీ తేడా చూస్తే చాలు. కనబడకుండా పోయినదాన్ని చెరిపేయకు, చివరిసారి ఎప్పుడు కనబడిందో రాసి ఉంచు, నెల దాటితే బండి తీసి వెళ్లి చూసిరా.

ఈ లెక్కల పుస్తకం ఎక్కడ ఉండాలని అడిగావు. హెడ్డాఫీసులో. రోజూ ఒక కాపీ క్లౌడుకు. నెట్ పోయిన రోజే నీకు ఆ పుస్తకంతో పని. అన్ని కలెక్టర్ల గడియారాలూ ఎన్‌టీపీతో (నెట్‌వర్కు మీద టైము సరిచేసే పద్ధతి) కలుపు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు కంప్యూటర్ల లాగ్ రికార్డులు 180 రోజులు ఉంచాలి, సైబర్ దాడిలాంటిది జరిగితే తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు చెప్పాలి. ఏ మిషన్ ఎక్కడుందో వెతుక్కోవడానికే పూట గడిస్తే ఆ 6 గంటలు ఏ మూలకి?

జమ్మికుంటతో మొదలుపెట్టు, అది చిన్నది. దసరాలోపు మూడూ అయిపోవాలి. తర్వాత పత్తి దిగడం మొదలైతే నిన్ను స్విచ్ దగ్గరికి ఎవరూ రానివ్వరు. వెళ్లినప్పుడు కాంటా గదిలో బల్ల కింద చూడు. ఏ టూలుకూ కనబడని ఐదు పోర్టుల స్విచ్ ఒకటి దూది పట్టి ఉంటుంది, నేను పందెం కాస్తా. ఫొటో పంపు.

మీ అమ్మకు ఆదివారం వస్తానని చెప్పు.

మామ