సమాధానం: ఐదేళ్ల పాపకి ఏ జపాన్ యానిమేషన్ సినిమాతో మొదలుపెట్టాలి?

'స్పిరిటెడ్ అవే'లో అమ్మానాన్నలు పందులైపోగానే పాప ఏడ్చి లేచిపోయిందన్నారు కదండీ. తప్పు పాపది కాదు, వరసది. ఆ భయం మొదట్లోనే వస్తుంది, వాళ్లు మళ్లీ మనుషులయ్యేది దాదాపు రెండు గంటల తర్వాత. తొమ్మిదో పదో ఏళ్లు వచ్చాక పెట్టండి.

ముందు 'మై నైబర్ టొటోరో' (1988). 86 నిమిషాలే, విలనే లేడు. వానలో బస్టాపు దగ్గర గొడుగు మీద చినుకులు టపటపమంటుంటే టొటోరో అనే పెద్ద బొచ్చు జీవి మురిసిపోయి, ఒక్క గెంతు గెంతి చెట్ల మీది నీళ్లన్నీ రాలుస్తుంది. పిల్లలు అక్కడే మనసు పారేసుకుంటారు. చివర్లో మాత్రం పక్కన కూర్చోండి: చిన్నపిల్ల తప్పిపోతుంది, చెరువులో చెప్పు దొరుకుతుంది. ఆ చెప్పు తనది కాదని ముందే చెప్పేయండి. తర్వాత 'పోన్యో', ఏడెనిమిదేళ్లకి 'కికీస్ డెలివరీ సర్వీస్'.

చదవడం రాని పిల్లకి సబ్‌టైటిల్స్ దండగ. ఆడియోలో డబ్బింగ్ ఎంచుకోండి. మాటల్లేని చోట్ల ముందుకు జరపొద్దు, రుచంతా అక్కడే ఉంటుంది.

ఇవన్నీ తీసిన స్టూడియో జిబ్లీ పేరు చూసి మాత్రం అన్నీ పిల్లల సినిమాలే అని నమ్మకండి. 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' టొటోరోతో జంటగా విడుదలైందే, కానీ అది యుద్ధంలో ఆకలికి నలిగిన అన్నాచెల్లెళ్ల కథ. 'ప్రిన్సెస్ మోనోనోకే'లో బాణం తగిలి చేతులు తెగిపోతాయి.