టెక్ సందేహాలు: టెర్మినల్లో మౌస్ క్లిక్ ఎవరికి చేరుతోంది?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ ఉబుంటు లాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా (దూరంలోని కంప్యూటర్‌లో కమాండ్లు నడిపే మార్గం) ఆఫీసు సర్వర్‌లో పని చేస్తాను. ఈమధ్య కొత్త సర్వర్‌కు మారాక టీమక్స్‌లో (టెర్మినల్ తెరను భాగాలుగా చేసి వాడుకునే ప్రోగ్రామ్) గానీ విమ్‌లో (టెక్స్ట్ ఎడిటర్) గానీ మౌస్‌తో లైన్లు సెలెక్ట్ చేసి కాపీ చేసుకోవడం కుదరడం లేదు. మధ్య బటన్ నొక్కినా పేస్ట్ కావడం లేదు. ఒక్కోసారి వైఫై తెగిపోతే, ఆ తర్వాత క్లిక్ చేసినా వీల్ తిప్పినా ప్రాంప్ట్ (కమాండ్ టైప్ చేసే చోటు) దగ్గర ఏవో అంకెలు పడుతున్నాయి. మౌస్ మార్చినా ఫలితం లేదు.

జవాబు: మౌస్ మీద ఇక డబ్బు ఖర్చు పెట్టకండి. లాప్‌టాప్‌లో కొత్త టెర్మినల్ విండో (కమాండ్లు టైప్ చేసే తెర) తెరిచి, ఏ సర్వర్‌కూ కనెక్ట్ కాకుండా అక్కడున్న అక్షరాలను సెలెక్ట్ చేసి చూడండి. అక్కడ సెలెక్ట్ అయితే మౌస్‌లోనూ టెర్మినల్‌లోనూ లోపం లేనట్లే.

మామూలుగా క్లిక్‌ను టెర్మినల్ తన దగ్గరే ఉంచుకుని సెలెక్షన్‌కు, పేస్ట్‌కు వాడుతుంది. అయితే లోపల నడిచే ప్రోగ్రామ్ ‘క్లిక్‌లు నాకు పంపు’ అని అడగవచ్చు. ఎస్కేప్, చదరపు బ్రాకెట్, ప్రశ్నార్థకం, 1000, చిన్న హెచ్ అనే వరస టెర్మినల్‌కు చేరగానే బటన్ నొక్కడం, వదలడం రెండూ ఆ ప్రోగ్రామ్‌కు వెళ్లిపోతాయి. 1000కు బదులు 1002 అని ఉంటే బటన్ నొక్కిపట్టి లాగడం కూడా వెళ్తుంది. మీ కొత్త సర్వర్‌లో ఎవరో టీమక్స్ కాన్ఫిగ్‌లో (సెట్టింగ్‌ల ఫైలులో) మౌస్‌ను ఆన్ చేసి ఉంటారు, ఎందుకంటే దానంతట అది ఆఫ్‌లోనే ఉంటుంది. విమ్ సంగతి వేరు. 2016లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి, సొంత విమ్‌ఆర్‌సి ఫైలు (విమ్ సెట్టింగ్‌లు ఉండే ఫైలు) లేని యూజర్‌కు మౌస్ దానంతట అదే ఆన్ అవుతుంది.

దీనికి విరుగుడు షిఫ్ట్ కీ. దాన్ని నొక్కిపట్టి మౌస్‌ను లాగితే ప్రోగ్రామ్ ఎంత అడిగినా ఉబుంటు టెర్మినల్ క్లిక్‌ను తన దగ్గరే ఉంచుకుంటుంది. షిఫ్ట్‌తో మధ్య బటన్ నొక్కితే పేస్ట్ కూడా అవుతుంది. మ్యాక్‌లో ఐటర్మ్2 అనే టెర్మినల్ వాడేవారు షిఫ్ట్‌కు బదులు ఆప్షన్ కీ నొక్కాలి. టీమక్స్‌లో తెరను రెండు భాగాలుగా చేసుకుని ఉంటే మాత్రం ఒక ఇబ్బంది ఉంది. ఆ విభజన సంగతి టెర్మినల్‌కు తెలియదు కనుక పక్క భాగంలోని అక్షరాలు కూడా సెలెక్షన్‌లో కలిసిపోతాయి. అందువల్ల ముందు కంట్రోల్ బి, ఆ తర్వాత జెడ్ నొక్కి మీకు కావలసిన భాగాన్ని తెరంతా పరిచి, అప్పుడు కాపీ చేసుకోండి. మౌస్‌ను పూర్తిగా ఆఫ్ చేయమని నేను సలహా ఇవ్వను. పొడవైన లాగ్‌ను వీల్‌తో వెనక్కి తిప్పి చదువుకోవడం, గీతను పట్టుకుని లాగి భాగాల సైజు మార్చుకోవడం ఎంతో మేలు చేసే సౌకర్యాలు. ఆఫ్ చేసి తీరాలనుకుంటే మీ సొంత కాన్ఫిగ్‌లో మాత్రమే చేయండి. పదిమంది వాడే సర్వర్ ఉమ్మడి ఫైలును ముట్టుకోకండి.

ఇక ఆ అంకెల సంగతి. ప్రోగ్రామ్ సవ్యంగా ముగిసేటప్పుడు అదే వరసను చివర హెచ్‌కు బదులు చిన్న ఎల్‌తో పంపి మౌస్‌ను తిరిగి టెర్మినల్‌కు అప్పగిస్తుంది. కనెక్షన్ మధ్యలో తెగితే ఆ మాట టెర్మినల్‌కు అందదు. అది పాత ఆదేశం ప్రకారమే క్లిక్‌లను పంపుతూ ఉంటుంది, వాటిని అందుకున్న షెల్ (మీ కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) మీరేదో టైప్ చేశారనుకుంటుంది. ఉదాహరణకు 0;52;14, దాని వెనక పెద్ద ఎం కనిపిస్తే, 52వ నిలువు వరస, 14వ అడ్డు వరస దగ్గర ఎడమ బటన్ నొక్కారని అర్థం. ఆ ఎం చిన్నదైతే బటన్ వదిలారన్నమాట. వీల్‌ను పైకి తిప్పితే మొదటి అంకె 64, కిందికి తిప్పితే 65. ఇవి పడినప్పుడు ఎంటర్ నొక్కకండి, ఎందుకంటే సెమీకోలన్ల మధ్య ఉన్న ఒక్కో ముక్కను షెల్ ఒక్కో కమాండ్‌గా నడపబోతుంది. కంట్రోల్ సి కొట్టి ఆ లైను వదిలించుకుని, మౌస్ మీద చెయ్యి తీసి, ‘రీసెట్’ అనే కమాండ్‌ను ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి ఎంటర్ నొక్కితే టెర్మినల్ మామూలు స్థితికి వస్తుంది.

ప్రశ్న: ఎలక్ట్రానిక్ సిటీలోని మా ఆఫీసులో బాగా వెడల్పాటి మానిటర్ ఇచ్చారు. విమ్‌లో ఎడమవైపు ఎక్కడ క్లిక్ చేసినా కర్సర్ వస్తుంది గానీ, కుడి చివర క్లిక్ చేస్తే రావడం లేదు. ఎందుకు?

జవాబు: క్లిక్ ఎక్కడ పడిందో చెప్పే పాత పద్ధతి నిలువు వరస సంఖ్యకు 32 కలిపి ఒకే బైట్‌లో పంపుతుంది. బైట్‌లో పట్టే అతిపెద్ద సంఖ్య 255 కాబట్టి 223వ వరస దాటిన క్లిక్‌ను ఆ పద్ధతి చెప్పలేదు. పైన చూసిన సెమీకోలన్ల పద్ధతిలో ఈ హద్దు లేదు, దాని పేరు ఎస్‌జీఆర్. విమ్‌లో ‘టీటీవైమౌస్’ అనే సెట్టింగ్ ఇప్పుడెలా ఉందో చూసి, ఎస్‌జీఆర్ కాకపోతే విమ్‌ఆర్‌సి ఫైలులో అలా మార్చి విమ్‌ను మళ్లీ తెరవండి. నియోవిమ్ (విమ్ నుంచి పుట్టిన మరో ఎడిటర్) వాడేవారికి ఈ సెట్టింగ్ లేదు, దాని అవసరమూ లేదు.